పైసా పెట్టకుండా ఇంట్లోవాళ్లతో ఫోన్లో రమ్మీ: ఏ యాప్ ఎంచుకోవాలి, ఎలా పరీక్షించాలి

"ఏ రమ్మీ యాప్ మంచిదన్నా?" దసరా దగ్గర పడినప్పుడు మొదలయ్యే ఈ ప్రశ్న సంక్రాంతి దాటేదాకా ఆగదు. అడిగేవాళ్లలో రెండు రకాలున్నారు. డబ్బులొచ్చే యాప్ ఏదని అడిగేవాళ్లకు జవాబు చిన్నది: చట్టప్రకారం అలాంటిది ఇప్పుడు ఏదీ లేదు. రెండో రకం వాళ్లు రాయచోటిలో ఉన్న చిన్నాయనను, కువైట్‌లో ఉన్న బావను, బెంగళూరులో ఉద్యోగం చేసే చెల్లెల్ని ఒకే ఆటలో కూర్చోబెట్టాలనుకుంటారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నా.

ముందే ఒక మాట. ప్లే స్టోర్‌లో నక్షత్రాలు లెక్కపెట్టి యాప్ ఎంచుకోకండి. ఆ నక్షత్రాలు ఇచ్చినవాళ్లు మీ ఇంటి ఆట ఆడటం లేదు. రెండు మూడు యాప్‌లు దించుకుని, ఒకే సాయంత్రం, మీ ఇంటి లెక్కలతో ఆడి చూడండి. ఏది ఉంచుకోవాలో అప్పుడు తేలిపోతుంది.

చట్టం సంగతి, క్లుప్తంగా

రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఆ కేసు వెళ్లింది మన ఆంధ్రప్రదేశ్ నుంచే. దాన్ని పట్టుకుని ఇప్పటికీ వాదించే పెద్దలు ప్రతి రచ్చబండ దగ్గరా కనిపిస్తారు. కానీ 2020 సెప్టెంబరులో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆడించేవాళ్లకే కాదు, ఆడేవాళ్లకూ శిక్ష ఉంది. తుంగభద్ర దాటి తెలంగాణలోకి వెళ్లి ఆడదామన్నా, అక్కడ 2017 నుంచే నిషేధం. కర్ణాటకలోకి, బళ్లారి వైపు వెళ్తే ఆడుకునే దారి ఉందని అనంతపురం కుర్రాళ్లు కొన్నాళ్లు చెప్పుకునేవారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో దేశం మొత్తానికీ ఒకే మాట అయిపోయింది: డబ్బు కట్టి, డబ్బు గెలుస్తామని ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే. అందులో నైపుణ్యం ఉందా, అదృష్టం ఉందా అన్న తేడా కూడా లేదు. బ్యాంకులు ఆ లావాదేవీలు చేయకూడదు, ఎవరూ ఆ ప్రకటనలు వేయకూడదు.

పందెం లేకుండా సరదాకి ఆడే ఆటలకు ఆ చట్టంలో అడ్డు లేదు. మనం మాట్లాడుకునేది వాటి గురించే.

కావలసినవి

ఆడేవాళ్లలో కనీసం ముగ్గురు ఒక గంట ఖాళీగా ఉండాలి. ఫోన్లలో ఒకటి పాతది, నెమ్మదిగా నడిచేదై ఉండాలి. కొత్త ఫోన్లలో ఏ యాప్ అయినా బాగానే కనిపిస్తుంది, అసలు బండారం బయటపడేది పాతదానిలోనే. లెక్కలు రాసుకోవడానికి కాగితం, కలం. మాట్లాడుకోవడానికి వాట్సాప్ గ్రూప్ కాల్. దుబాయి వైపు ఉన్నవాళ్లకు వాట్సాప్ కాల్స్‌తో ఇబ్బంది ఉంటుంది. అలాంటివాళ్లుంటే మాట్లాడుకునే సౌకర్యం యాప్‌లోనే ఉందో లేదో చూడండి. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అంటే బావకు సాయంత్రం ఏడు. అక్కడ డ్యూటీ దిగేవేళను బట్టి టైము పెట్టుకోండి.

1. ముందు మీ ఇంటి ఆట ఏదో కాగితం మీద రాసుకోండి

చాలామంది ఈ అడుగు దాటేస్తారు. తర్వాత జరిగే గొడవలన్నీ ఇక్కడివే. పదమూడు ముక్కల రమ్మీ అంటే అందరికీ ఒకటే అనుకుంటాం. కర్నూలులో ఒక ఇంటి లెక్క, ప్రొద్దుటూరులో ఇంకో ఇంటి లెక్క. ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి:

ఎంతమంది ఆడతారు? యాప్‌లలో రమ్మీ బల్ల మామూలుగా ఆరుగురితో నిండిపోతుంది. మీరు ఏడుగురైతే రెండు బల్లలు వేసుకోవాలి, లేదా 3వ అడుగులో చెప్పిన ఉత్తి బల్ల దారి పట్టాలి.

101 ఆడతారా, 201 ఆడతారా (పాయింట్లు అంతకు చేరినవాళ్లు ఆటనుంచి బయటికి), ఆటకు ఆట తెంచేస్తారా? 101లో మొదటే డ్రాప్ అయితే, అంటే ఆ చేతి ఆట వదిలేస్తే, 20 పాయింట్లు, మధ్యలో డ్రాప్ అయితే 40. 201లో అవి 25, 50 అవుతాయి. మీ ఇంట్లో వేరే లెక్క ఉంటే అదీ రాయండి.

రాజు, ఆసు, రెండు కలిపి సీక్వెన్స్ (ఒకే గుర్తులో వరుస ముక్కలు) అంటే ఒప్పుకుంటారా? యాప్‌లు ఒప్పుకోవు. వాటిలో ఆసు, రెండు, మూడు చెల్లుతుంది, రాణి, రాజు, ఆసు చెల్లుతుంది, అంతే.

జోకర్ (ఏ ముక్క బదులైనా వాడుకునే ముక్క) ఏదో తేల్చడానికి పేక కోసినప్పుడు జోకర్ బొమ్మ ముక్కే పడితే ఏం చేస్తారు? యాప్‌లలో అప్పుడు ఆసులన్నీ జోకర్లవుతాయి. కొన్ని ఇళ్లలో మళ్లీ కోస్తారు.

2. మీకు కావలసింది ఏ రకమో తేల్చుకోండి

ప్రైవేటు బల్ల ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. గది కోడ్ ఇచ్చి మనవాళ్లను మాత్రమే పిలుచుకునే వీలు లేకపోతే ఆ యాప్‌ను అక్కడికక్కడే తీసేయండి. గ్రాఫిక్స్ ఎంత బాగున్నా సరే. పబ్లిక్ బల్లల్లో ఇద్దరు ఒకే వైఫై నుంచి వస్తే కుమ్మక్కని అనుమానించి కొన్ని యాప్‌లు పక్కపక్కన కూర్చోనివ్వవు. అమ్మానాన్నలిద్దరూ ఒకే ఇంట్లో ఉండి "నన్ను ఆ బల్ల మీదికి రానివ్వడం లేదు" అని ఫోన్ చేస్తే, తప్పు వాళ్లది కాదు, బల్లది.

మార్కెట్లో ఇప్పుడు స్థూలంగా మూడు రకాలున్నాయి.

ఒకటి, ఒకప్పుడు డబ్బుతో ఆడించి ఇప్పుడు ఉచిత ఆట మాత్రమే ఉంచినవి. రమ్మీ నియమాలు వీటిలో పక్కాగా ఉంటాయి, ఏళ్ల తరబడి అదే పని చేశాయి కాబట్టి. కానీ పాత అలవాటు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే వీటి జోలికి పోకపోవడం మేలని నా అభిప్రాయం. ఆ రంగులు, ఆ చప్పుళ్లు చూస్తే చెయ్యి జేబు మీదికి పోతుంది.

రెండు, మొదటినుంచీ ఉత్తుత్తి చిప్స్‌తో నడిచేవి. ఆక్ట్రో వాళ్ల ఇండియన్ రమ్మీ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. వీటి ఆదాయం ప్రకటనలు, చిప్స్ అమ్మకం. అందుకే ఆట మధ్యలో "చిప్స్ అయిపోయాయి, కొనండి" అన్న పిలుపు ఎంత తరచుగా వస్తుందో చూడాలి.

మూడు, ఉత్తి బల్ల. దాని గురించి కింద విడిగా చెబుతాను.

3. ఉత్తి బల్ల: చాలామందికి తెలియని దారి

ప్లేయింగ్‌కార్డ్స్ డాట్ ఐఓ అని ఒక వెబ్‌సైట్ ఉంది. యాప్ అక్కర్లేదు, ఫోన్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. గది తెరిచి, ఆ లింకు పంపితే చాలు. తెర మీద ఒక బల్ల, ఒక పేక, మన ముక్కలు మనకే కనిపించే చోటు ఉంటాయి. నియమాలు మాత్రం ఏమీ ఉండవు. షో (ముక్కలన్నీ కలిశాయని చూపించడం) సరైనదో కాదో అది చెప్పదు, పాయింట్లు లెక్కపెట్టదు, దొంగాట ఆడితే పట్టుకోదు. అన్నీ మనమే చూసుకోవాలి.

ఆ లోటే మన ఇళ్లకు పెద్ద సౌకర్యం. జోకర్ పడితే మళ్లీ కోయాలా, రాజు ఆసు రెండు చెల్లుతుందా, ఏడో మనిషిని కూర్చోబెట్టాలా, అన్నీ మన ఇష్టం. పదమూడు ముక్కలకు రెండు పేకలు కావాలి కాబట్టి, గదిని ఎడిట్ చేసి రెండో పేక ముందే పెట్టుకోండి. ఇంట్లో కుర్రవాళ్లెవరైనా ఒకసారి చేసి పెడితే సరిపోతుంది. లెక్క కాగితం మీదే. ఫోన్ తెర చిన్నదైతే ముక్కలు వేలికి అందడం కొంచెం కష్టం. కళ్లజోడు వాడే పెద్దవాళ్లకు టాబ్ ఇవ్వండి.

4. దించుకునే చోటు

ప్లే స్టోర్ లేదా ఆపిల్ యాప్ స్టోర్ నుంచి మాత్రమే దించుకోండి. వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేయకండి, అది పంపింది సొంత మేనమామ అయినా సరే. ఆయన ఫోన్ ఇప్పటికే ఎవరి చేతిలో ఉందో ఆయనకే తెలియకపోవచ్చు.

ఇన్‌స్టాల్ నొక్కేముందు రెండు చోట్ల చూడండి. బటన్ దగ్గర యాప్‌లో కొనుగోళ్లున్నాయన్న గమనిక ఉందా? కింద డేటా సేఫ్టీ భాగంలో ఏమేం సేకరిస్తామని రాశారు? ఆ తర్వాత తెరవగానే అడిగే అనుమతులు. ముక్కలాటకు మైక్ అడిగితే అర్థముంది, మాట్లాడుకోవాలి కాబట్టి. మెసేజ్‌లు ఎందుకు? కాంటాక్టులు ఎందుకు? లొకేషన్ ఎందుకు? వద్దనండి. వద్దంటే ముందుకు కదలని యాప్ అయితే అక్కడితో వదిలేయండి. పాన్ కార్డు, ఆధార్ అడిగితే అసలు ఆలోచించే పనే లేదు. ఉచిత ఆటకు వాటితో పని లేదు.

వీపీఎన్ (మనం ఎక్కడున్నామో దాచే సాధనం) ఆన్ చేసుకోమని, లొకేషన్ మార్చుకోమని చెప్పేది ఏదైనా విదేశాల నుంచి దొంగచాటుగా నడిచే పందెం యాపే. ఎవరిదో సొంత యూపీఐ నంబరుకు డబ్బు వేయమంటే అది యాప్ కూడా కాదు, వల.

5. కొనుగోలు తలుపు మూసేయండి

ఆట మొదలుపెట్టకముందే ఈ పని అయిపోవాలి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో కొనుగోలుకు ప్రతిసారీ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టండి. పెద్దవాళ్ల ఫోన్ అయితే ప్లే స్టోర్ ఖాతాకు కార్డుగానీ యూపీఐగానీ అసలు తగిలించకుండా ఉంచడం ఇంకా మంచిది.

చిప్స్‌ను ఎవరి దగ్గరా కొనకండి, ఎవరికీ అమ్మకండి. గ్రూపుల్లో "కోటి చిప్స్ ఇంతకిస్తా" అని బేరాలు పెట్టేవాళ్లు ఉంటారు. చిప్స్‌కు డబ్బు విలువ కట్టిన మరుక్షణం అది సరదా ఆట కాదు, పందెం.

6. అసలు పరీక్ష

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. ప్రతి యాప్‌లోనూ ఈ నాలుగూ చేయాలి.

తప్పు షో. కావాలనే ఒకరు తప్పు షో పెట్టండి. 80 పడిందా? మిగతావాళ్ల ఆట కొనసాగిందా, మొత్తం ఆగిపోయిందా? కొన్ని యాప్‌లు షో నొక్కగానే "ఖాయమేనా" అని మళ్లీ అడుగుతాయి. వేళ్లు వణికే పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ ప్రశ్న చాలా విలువైనది.

లెక్క. ఓడిపోయిన చేతిని ముందు మీరు కాగితం మీద లెక్కపెట్టి, తర్వాత యాప్ లెక్కతో పోల్చండి. ఒక ఉదాహరణ: మీ దగ్గర ఇస్పేటు నాలుగు, ఐదు, ఆరు ఉన్నాయి. మూడు తొమ్మిదుల సెట్టు ఉంది. మిగిలిన ఏడు ముక్కలు రాజు, జాకీ, ఎనిమిది, ఏడు, మూడు, రెండు, ఇంకో రెండు. అవి దేనితోనూ కలవవు, వాటిలో జోకర్ లేదు. ఈలోగా ఎదుటివాళ్లు షో చేశారు. మీ లెక్క ఎంత?

చాలా ఇళ్లలో "సెట్టు పోగా 42" అంటారు. యాప్ 69 వేస్తుంది. రెండో సీక్వెన్స్ లేకపోతే సెట్టుకు విలువ లేదు కాబట్టి, ఆ తొమ్మిదుల 27 కూడా కలుస్తుంది. జోకర్ లేని సీక్వెన్స్ కూడా మీ చేతిలో లేకపోతే అన్ని ముక్కలూ లెక్కకొస్తాయి. అయితే ఎంత వచ్చినా 80 దగ్గర ఆగుతుంది. "యాప్ మోసం చేస్తోంది" అని నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ 42, 69 తగాదాయే. మోసం లేదు, ఇంటి లెక్క వేరు, యాప్ లెక్క వేరు. మీకు 42 లెక్కే కావాలంటే ఉత్తి బల్లకు పోవాల్సిందే.

సర్దడం. ఎదుటివాళ్లు షో చేశాక మన ముక్కలు సర్దుకోవడానికి యాప్ కొన్ని సెకన్లు ఇస్తుంది. ఆలోపు గుంపులుగా పేర్చకపోతే కలిసిన ముక్కలు కూడా పాయింట్లలో పడే ప్రమాదముంది. చేతిలో పట్టుకుని ఆడే అలవాటున్న చిన్నాయన "అన్నీ కలిశాయి కదా, ఇంకేం సర్దాలి" అని చూస్తూ కూర్చుంటాడు. సర్దే సమయం ఏ యాప్‌లో ఎక్కువుందో చూసుకోండి. ముక్కలను తనే పేర్చిపెట్టే బటన్ ఉంటే ఇంకా మంచిది, కానీ దాన్ని గుడ్డిగా నమ్మకండి. జోకర్‌ను ఒక్కోసారి పనికిరాని చోట పెట్టేస్తుంది.

నెట్ పోవడం. ఆట మధ్యలో ఒక ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, అర నిమిషం ఆగి, మళ్లీ ఆన్ చేయండి. అదే బల్లకు, అవే ముక్కలతో తిరిగి వచ్చారా? వరుసగా కొన్ని వంతులు తప్పితే డ్రాప్ కింద లెక్కేసి బయటికి పంపుతుందా? ఊళ్లలో కరెంటు పోయి వైఫై ఆగి, మొబైల్ డేటాకు మారేలోపు పట్టే సమయం ఇదే. నల్లమల అంచు ఊళ్లలో చుట్టాలున్నవాళ్లు ఈ పరీక్షకే ఎక్కువ మార్కులు వేయండి.

వీటిలో నెట్ పరీక్ష తప్పిన యాప్‌ను ఉంచుకోకండి. లెక్క పరీక్షలో తేడా వస్తే తీసేయనక్కర్లేదు, ఆ తేడాను గ్రూపులో ముందే రాసి పెడితే చాలు.

7. కలపడం నిజాయితీగా జరుగుతోందా?

"నాకెప్పుడూ చెత్త ముక్కలే పడతాయి." ఇది యాప్‌లు పుట్టకముందు నుంచీ ఉన్న ఫిర్యాదు. పెద్ద సైట్లు ఐటెక్ ల్యాబ్స్ వంటి పరీక్షా సంస్థల సర్టిఫికెట్లు చూపిస్తుంటాయి. ముక్కలు కలిపే పద్ధతి యాదృచ్ఛికంగానే ఉందని దాని అర్థం. ఎదురుగా ఆడేది మనిషా, యంత్రమా అన్నది ఆ కాగితం చెప్పదు. ప్రైవేటు బల్లలో అందరూ మనవాళ్లే కాబట్టి ఆ బాధ మనకు లేదు. ఒకే ఒక్క జాగ్రత్త: సీటు ఖాళీగా ఉంటే యాప్ తనంతట తనే బాట్‌ను, అంటే యంత్ర ఆటగాణ్ని, కూర్చోబెడుతుందేమో చూసి, వీలుంటే ఆ ఎంపిక తీసేయండి.

8. బ్రిడ్జి ఆడేవాళ్లకు

క్లబ్బులో బ్రిడ్జి అనే నలుగురి ముక్కలాట నేర్చుకున్న రిటైర్డు ఆఫీసర్లు, లెక్చరర్లు ఇదే ప్రశ్న అడుగుతుంటారు. మీకు పని తేలిక. నలుగురు మిత్రులు కలిసి బల్ల వేసుకోవాలంటే బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌కు పోండి. మామూలు బల్లలు ఉచితం, పక్కన కూర్చుని పెద్ద ఆటగాళ్ల ఆట చూడొచ్చు కూడా. ఒంటరిగా, తీరిక దొరికినప్పుడు ఆడాలంటే ఫన్‌బ్రిడ్జ్. అందులో మీ జోడీ, ఎదుటివాళ్లు అందరూ యంత్రాలే. అవే ముక్కలు వేరేచోట ఆడినవాళ్లతో మీ ఫలితాన్ని పోల్చి చూపిస్తుంది. ఈ రెండిటికీ ఇప్పుడు యజమాని ఒకటే, 52 ఎంటర్‌టైన్‌మెంట్ అనే ఫ్రెంచి సంస్థ. కాబట్టి ఏది గొప్పదన్న వాదన మానేసి, మీ తీరికను బట్టి ఎంచుకోండి. క్లబ్బు మొత్తం ముఖాలు చూసుకుంటూ ఆడాలంటే వీడియోతో నడిచే రియల్‌బ్రిడ్జ్ ఉంది. ఇది క్లబ్బులు పోటీలు పెట్టుకోవడానికి అనువైనది.

9. వారం తర్వాత చూడాల్సినవి

ఉంచుకున్న యాప్ సరైనదో కాదో మొదటి రోజు తెలియదు. వారం ఆడాక ఆడే ప్రతివాళ్ల ఫోన్‌లోనూ ఇవి చూడండి.

ప్లే స్టోర్‌లో చెల్లింపుల చరిత్ర తెరవండి. అక్కడ ఒక్క రూపాయి కనిపించినా ఎవరు, ఎందుకు అని అడగండి. ఫోన్‌పే, గూగుల్ పేలలో ఆటోపే జాబితా చూడండి. తెలియకుండా ఒప్పుకున్న నెలవారీ కోత ఉంటే రద్దు చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఆ యాప్ మీద ఎంత సమయం గడిచిందో ఉంటుంది. కుటుంబం ఆడింది శని, ఆదివారాల్లో రెండేసి గంటలైతే, ఒక ఫోన్‌లో మాత్రం రోజూ అర్ధరాత్రి దాకా ఆట కనిపిస్తే, వాళ్లు పబ్లిక్ బల్లల్లో ఆడుతున్నారన్నమాట. తిట్టకుండా మాట్లాడండి. టైమర్ కూడా అక్కడే పెట్టొచ్చు.

డబ్బు పోయిందని తేలితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. పాత పందెం యాప్‌లో మిగిలిన డబ్బు కోసమైతే ఆ యాప్‌లోపల ఉన్న సహాయం విభాగం నుంచే అడగండి. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేయకండి. ఆ పేరుతో నకిలీలు కాచుకుని ఉంటారు.

10. నచ్చని యాప్‌ను తీసేయడం

ఐకాన్ నొక్కి అన్‌ఇన్‌స్టాల్ చేస్తే యాప్ పోతుంది, మీ ఖాతా, ఫోన్ నంబరు వాళ్ల దగ్గరే ఉండిపోతాయి. ముందు యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఖాతా తొలగించు అన్నది నొక్కండి. ఖాతా తెరవనిచ్చే యాప్‌లు దాన్ని తొలగించే దారి కూడా చూపాలని ప్లే స్టోర్ నియమం. లోపల దొరక్కపోతే స్టోర్‌లో ఆ యాప్ పేజీకి వెళ్లి డేటా సేఫ్టీ భాగంలో చూడండి, లింకు అక్కడ ఉంటుంది. ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్. ఫేస్‌బుక్‌తోనో గూగుల్‌తోనో లాగిన్ అయి ఉంటే, ఆ ఖాతాల సెట్టింగ్స్‌లో కూడా ఈ యాప్‌కు ఇచ్చిన అనుమతి తీసేయండి. పరీక్ష కోసం పెట్టుకున్న రెండు మూడు యాప్‌లకూ ఈ పని అదే రాత్రి ముగించండి, రేపు చేద్దామంటే మరిచిపోతారు.